ఫాయిల్ దిగుమతి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఎండీఎఫ్ పలకకు టేకు వేషం కట్టే పల్చని పీవీసీ పొరను వ్యాపారంలో ఫాయిల్ అంటారు. వంటింటి షట్టర్లకు వేసే ఆ ఫాయిల్‌ను చైనా నుంచి తెప్పించదలచి, వీచాట్‌లో కొటేషను అందుకుని పరవశించి ఉన్న బావమరిదికి కవి చేసిన హితబోధ ఇది. కవీ టీకాకారుడూ ఒక్కరే; ఈ పద్యానికి వేరే వ్యాఖ్యాత దొరకలేదు.

ధరను చూచి మురిసి ధనమంపవలదయ్య
గీరి చూడు గోట గిల్లి చూడు
మందమెంతొ కొలువు మైక్రాను లెక్కలో
దిగుమతయిన పిదప దిక్కు లేదు

ప్రతిపదార్థం: ధరను = మీటరుకింత అని రాసిన అంకెను; చూచి = చూసి; మురిసి = సులభం; ధనము = 30 శాతం అడ్వాన్సును; అంపవలదు = టీటీ చేయవద్దు; అయ్య = ఓ బావమరిదీ; గోటన్ = గోటితో; గీరి, గిల్లి చూడు = విశేషాల్లో వస్తుంది; మందము = ఫాయిల్ దళసరి; మైక్రాను లెక్కలో = మిల్లీమీటరులో వెయ్యో వంతు చొప్పున; కొలువు = కొలుచుకో; దిగుమతయిన పిదప = కంటైనరు గోడౌను ముందు తెరిచాక; దిక్కు లేదు = అంతే.

తాత్పర్యం: ముందు ముక్క, తర్వాత రొక్కం.

విశేషాలు: 'ధర' అన్నది ఒంటరి మాట కాదు, దాని పక్కన ఎఫ్‌ఓబీ ఉందో సీఐఎఫ్ ఉందో చూడాలి. సీఐఎఫ్ చెన్నై అంటే చెన్నై రేవు దాకా పూచీ అమ్మినవాడిదే అని బావమరిది నమ్మకం. కిరాయి, బీమా వాడివే. నష్టభయం మాత్రం అక్కడ సరుకు ఓడెక్కగానే మనకు బదిలీ అవుతుంది.

'మందము' అంటే ఇక్కడ ఆలస్యమని అర్థం చెప్పరాదు. అడ్వాన్సు అందేవరకు అర్ధరాత్రి కూడా జవాబిచ్చే సేల్స్ మనిషిలో మాంద్యమెక్కడిది? (అందాక ఆ అర్థమూ చెల్లుతుంది.) మెంబ్రేన్ ప్రెస్సులో ఫాయిల్ వేడికి సాగి షట్టరు మూలలకు ఒదగాలి, పల్చనైతే అక్కడే చిరుగుతుంది. అందుకే 300 మైక్రాన్లు అడుగుతాం. 'యస్ యస్' అంటాడు. చదరపు మీటరు ముక్కను త్రాసులో వేస్తే 400 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. 340 తూగితే సుమారు 50 మైక్రాన్లు నామం పెట్టాడన్నమాట. అయితే పీవీసీలో సుద్ద ఎక్కువ కలిపినవాడు తూకంలో నెగ్గుకొస్తాడు. కవి తూకమనకుండా మైక్రాను అన్నది అందుకే. 'గిల్లి' అన్నది కూడా ఆ సుద్దను పట్టుకోవడానికే: అలాంటి ఫాయిల్‌ను మడిస్తే మడత తెల్లబడుతుంది.

'గోట' అన్నచోట లక్షణచేత బ్లేడును కూడా గ్రహించాలి. పైపొరను చిన్నచిన్న గళ్లుగా గీసి, టేపు అంటించి చటుక్కున లాగు. టేకు చారలు టేపుకొచ్చాయా, ఉత్తరం రాయనక్కర్లేదు.

'చూడు' రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదు. ఒకటి ట్యూబ్‌లైటు కింద, రెండోది ఎండలో. చారలు అచ్చొత్తే సిలిండరు అదే అయినా, బ్యాచ్ మారినప్పుడల్లా సిరా మళ్లీ కలుపుతారు. మా ఇంట్లో కింది అల్మరాలు మొదటి బ్యాచ్, టేకు. పైవి రెండో బ్యాచ్, దాల్చినచెక్క. ఒప్పుకున్న ముక్కను రెండుగా కోసి, ఇద్దరూ సంతకాలు పెట్టి చెరొకటి ఉంచుకుని ఉంటే నాకీ పద్యం రాసే అవసరం పడేది కాదు.

ఇంతకీ అవతలివాడు ఫ్యాక్టరీయా, దళారియా? కస్టమ్స్‌వారి శాస్త్రంలో పీవీసీ ఫిల్ములో ప్లాస్టిసైజరు బరువుకు 6 శాతం, ఆ పైన ఉంటే కోడు 392043, తక్కువైతే 392049. మీదెంత శాతం అని అడుగు. తయారుచేసేవాడు చెబుతాడు, దళారి 'బెస్ట్ క్వాలిటీ' అంటాడు.

'దిక్కు'లో శ్లేష ఉంది. గ్వాంగ్‌జౌ మనకు ఈశాన్యం వైపుంది కనుక వాస్తుబలం ఉందని బావమరిది వాదన. కవి ఆ దిక్కును కాదనలేదు.

అలంకారం: పద్యంలో వెతకనక్కర్లేదు, సరుకులోనే ఉంది. అత్తగారు షట్టరును చూసి టేకే అనుకుంటే భ్రాంతిమదలంకారం. టేకో కాదో తేల్చుకోలేకపోతే సందేహాలంకారం. రెండో వేసవికి అంచు లేచి లోపలి పొట్టు బయటపడితే స్వభావోక్తి.