పావు కాసు

సూరిబాబు ఎవరి తూకాన్నీ నమ్మడు. చేప కొంటే పళ్ళెంలో నీళ్ళు వంపించి మళ్ళీ తూయిస్తాడు. మటన్ కొట్టువాడు కాటా మీంచి చెయ్యి తీసేదాకా జేబులోంచి రియాలు తియ్యడు. క్యాంపులో ఎవరు సెలవు మీద ఇంటికెళ్తున్నా పెట్టెలు తూచేది అతనే. ఎయిర్‌పోర్టు కౌంటర్లో అరకిలో ఎక్కువ చూపించిందని తెలిస్తే ఫోన్లోంచే పోట్లాటకి దిగుతాడు. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మా తెలుగువాళ్ళంతా అతన్ని 'కాటా సూరి' అంటారు.

"మా వంశంలోనే ఉందండీ అది. తూకం మీద బతికినవాళ్ళం" అంటాడు గర్వంగా.

వాళ్ళ నాన్నకి కోనసీమలో, వారం వారం సంత జరిగే ఓ ఊళ్ళో, నగల కొట్టుంది. కొత్త నగలు అమ్ముతారు, పాత బంగారం కొంటారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గల్ఫ్‌కి మనుషులు బయల్దేరడం మొదలయ్యాక అమ్మకం కంటే కొనుబడే జోరందుకుంది. ఏజెంటుకి కట్టాల్సింది, టికెట్టుకి పెట్టాల్సింది అంతా ఆడవాళ్ళ మెడల్లోంచీ చేతుల్లోంచీ రావలసిందే. ఆ కొట్టు మెట్లెక్కి దిగాకే విమానం ఎక్కినవాళ్ళు మా క్యాంపులోనే నలుగురైదుగురున్నారు. ప్రకాశం వాళ్ళలో ఒకడు.

ప్రకాశం కాంక్రీటూ తారూ పరీక్ష చేసే ల్యాబులో టెక్నీషియను. అతను ఖతార్ వచ్చేటప్పుడు వాళ్ళమ్మ హారం, గాజులు, నాను అన్నీ మూటగట్టి ఆ కొట్టుకే పట్టుకెళ్ళింది. ఆవిడ లెక్క ప్రకారం పన్నెండు ముప్పాతిక కాసులు. పుట్టింటివారు పెట్టినదెంతో, ఆయన చేయించినదెంతో ఆవిడకి నోటికొచ్చు. కొట్లో తూస్తే పన్నెండున్నరే తూగింది. "ఇన్నేళ్ళు ఒంటి మీదున్న బంగారం అరక్కుండా ఉంటుందా అమ్మా?" అన్నారట సూరిబాబు వాళ్ళ నాన్న. నిజమే కాబోలనుకుని డబ్బు తీసుకుని వచ్చేసింది. కానీ ఇప్పటికీ ఫోన్లో అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా అని అడగడం అయ్యాక, "పావు కాసు ఎక్కడ అరిగిందంటావురా?" అని అడుగుతుంది. ప్రకాశం దీన్ని నవ్వుతాలకి చెప్పేవాడు. విని అందరికంటే ఎక్కువ నవ్వేవాడు సూరిబాబు. "మీ అమ్మగారు అంట్లు గట్టిగా తోముతారేమోనండీ!"

ఇలా ఉండగా సూరిబాబు చెల్లెలికి పెళ్ళి కుదిరింది. అన్నగారి కానుకగా అయిదు కాసుల హారం. కాసు 8 గ్రాములు కాబట్టి 40 గ్రాములు. తాంబూలాలకి ఇంటికెళ్ళి తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ నాన్న ఇనప్పెట్టె తెరిచి, ఎర్రగుడ్డలో చుట్టిన 100 గ్రాముల ఇత్తడి గుండు తీసి చేతిలో పెట్టాడు.

"అక్కడ కొనేటప్పుడు దీన్ని దగ్గర పెట్టుకో. నలభయ్యేళ్ళుగా నా చేతిలో ఉన్న గుండు. నీకు ఒక్క రవ్వ నష్టం రాదు."

సూరిబాబు దాన్ని హ్యాండ్ బ్యాగులో, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని తెచ్చాడు. మాకు చూపించేటప్పుడు కూడా గుడ్డతోనే పట్టుకున్నాడు. చేతులు పడి పడి అంచులు నున్నబడ్డాయి. పైన అంకె సగం చెరిగిపోయింది. అడుగున బొట్టుబిళ్ళంత సీసం.

గుండు ఉంది, కాటా లేదు. ఇక కాటాల వేట మొదలైంది.

మొదట హైపర్ మార్కెట్లో వంటింటి కాటా కొన్నాడు. గుండు పెడితే 102 అంది. "గ్రాముకీ గ్రాముకీ మధ్య ఏముందో దీనికి తెలీదు. పిండికి పనికొస్తుంది, పుత్తడికి కాదు" అని మెస్సుకి దానం చేశాడు.

రెండోది అరచేతిలో ఇమిడేది. 200 గ్రాముల దాకా తూస్తుంది, గ్రాములో నూరో వంతు చూపిస్తుంది. బయట 45 డిగ్రీల ఎండలోంచి తెచ్చి, ఏసీ గదిలో బల్ల మీద పెట్టీపెట్టగానే గుండు వేశాడు. 101.91. తీసి మళ్ళీ పెట్టాడు. 102.07. "ఇదేంటండీ, రెండు నాలికల పాము!" అన్నాడు.

అప్పుడు ప్రకాశం కల్పించుకున్నాడు. "కాటాని ఎండలోంచి తెచ్చి వెంటనే తూస్తే ఎలా? లోపల లోహపు కడ్డీ ఉంటుంది, బరువు పడితే వంగుతుంది. ఆ వంపునే అది అంకెగా చెప్తుంది. వేడికీ చలికీ ఆ లెక్క మారిపోతుంది. అరగంట గదిలో ఉండనియ్యి. ఏసీ గాలి తగలకుండా చూడు, ఫోను పక్కన పెట్టకు, బల్ల కదలకూడదు. ఆ తర్వాత ఒకే వస్తువుని పదిసార్లు పెట్టు, పదిసార్లూ ఒకే మాట చెప్పాలి. పళ్ళెం మధ్యలో పెట్టు, నాలుగు మూలలా పెట్టు, అప్పుడూ అదే మాట చెప్పాలి. అంకెలు సన్నగా చూపించినంత మాత్రాన నిజం చెప్తున్నట్టు కాదు."

రెండోది ఆ పరీక్షలో తప్పింది. మూల మూలకీ ఒక్కో బరువు చెప్పింది.

మూడోదానికి డబ్బు గట్టిగానే పోశాడు. పైన గాజు మూత, కింద మట్టం చూసుకోడానికి నీటి బుడగ. గ్రాములు, క్యారెట్లు, ఔన్సులు, చివర్న 'గ్రెయిన్' అని ఇంకో కొలత.

"ఈ గ్రెయిన్లు ఎవరికండీ?"

"అమెరికా వేటగాళ్ళకి" అన్నాడు ప్రకాశం. "పేలిన తూటా గొట్టంలో మళ్ళీ మందు కూరి ఇంట్లోనే కొత్త తూటా చేసుకుంటారు. ఆ మందు తూచేది గ్రెయిన్లలో. 7000 గ్రెయిన్లు ఒక పౌను. అంటే ఒక్కోటి 65 మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. వాళ్ళు అందులోనూ పదో వంతు చూసుకుంటారు. మందు ఎక్కువైతే తుపాకీ చేతిలోనే పగుల్తుంది. అందుకని కూర్చున్న ప్రతిసారీ ముందు బరువు తెలిసిన గుండు పెట్టి, కాటా సరిగ్గా ఉందని తేల్చుకుని మరీ మందు డబ్బా మూత తీస్తారు."

"చూశారా! గుండు పెట్టి కాటాని చూస్తారు. కాటా పెట్టి గుండుని చూడరు!" అన్నాడు సూరిబాబు.

అరగంట ఆగి గుండు పెట్టాడు. 102.00. పదిసార్లు పెట్టాడు, నాలుగు మూలలా పెట్టాడు. 102.00.

"మంచి కాటా" అన్నాడు ప్రకాశం.

"మంచిదేంటండీ? పదిసార్లూ ఒకటే అబద్ధం చెప్తుంటే!"

"పోనీ, గుండు..."

"మా నాన్న గుండు జోలికి రాకండి" అన్నాడు సూరిబాబు. గుండుని గుడ్డలో చుట్టేశాడు కూడా.

కానీ కాటాతో పాటు వచ్చిన కాగితం రాత్రి కూర్చుని పూర్తిగా చదివాడు. 'కాల్' అనే బటన్ నొక్కి పట్టుకుంటే 100.00 అని మెరుస్తుంది, అప్పుడు 100 గ్రాముల గుండు పెడితే కాటా దాన్నే వందగా తీసుకుని తన్ను తాను దిద్దుకుంటుంది. నొక్కాడు. మెరిసింది. నాన్న గుండు పెట్టాడు. 'పాస్' అంది. అర్ధరాత్రి మమ్మల్ని లేపి చూపించాడు. "దారికొచ్చింది!"

ఆ శుక్రవారం సాయంత్రం మేం ముగ్గురం మెట్రో ఎక్కాం. సూక్ వాకిఫ్ స్టేషన్ ఉన్న లైను పేరు కూడా గోల్డ్ లైనే. దిగి బంగారం కొట్ల వైపు నడుస్తుంటే ప్రకాశం, చమురు పడకముందు ఈ ఊరు ముత్యాల మీద బతికిన సంగతి చెప్పుకొచ్చాడు. పడవ యజమాని నఖుదా, ముత్యాల వర్తకుడు తవ్వాష్. ముత్యాన్ని చిన్న త్రాసులో తూచి బేరం ఆడుకునేది వాళ్ళిద్దరే. ఊపిరి బిగబట్టి అడుగుకి దిగినవాడికి వాళ్ళు ఎంతంటే అంత. 1930ల్లో జపాను పెంపుడు ముత్యాలు వచ్చి ఆ వ్యాపారాన్ని ముంచేశాయి. 1949లో మొదటి చమురు ఓడ వెళ్ళేదాకా ఊరికి పస్తులే.

"అందుకేగా మన కాటా మనం తెచ్చుకున్నది! తూచేవాడి చేతిలో మన బతుకు పెడితే అంతేనండీ" అన్నాడు సూరిబాబు.

మొదటి కొట్లో హారం నచ్చింది. 22 క్యారెట్లు. కొట్టు కాటా మీద 40.00. సూరిబాబు జేబులోంచి తన కాటా తీసి, బుడగ చూసి మట్టం చేసి, మూతేసి తూచాడు. 39.22.

మా వంక ఒక చూపు చూశాడు. పక్క కొట్లోకి వెళ్ళాం. గొలుసు, వాళ్ళ లెక్క 20.00. ఇతని లెక్క 19.61. ఇంకో కొట్లో 10 గ్రాముల గాజు. 9.80. మలయాళీ కుర్రాడు పాపం ఓపిగ్గా తమ గుండు పెట్టె తెరిచి, సర్టిఫికెట్ చూపించి, 100 గ్రాములది తమ కాటా మీద పెట్టాడు. 100.00. సూరిబాబు నాన్న గుండు తీసి అదే కాటా మీద పెట్టాడు. 102.00.

"దొంగ కాటాకి దొంగ గుండు సాక్ష్యం!" అన్నాడు తెలుగులో. కుర్రాడికి మాట తెలీకపోయినా ముఖం చూసి అర్థమైంది. పెట్టె మూసేశాడు.

అయిదో కొట్టు దగ్గర గొంతు లేచింది. జనం ఆగి చూస్తున్నారు. మేం చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాం.

"సూరీ, అయిదు కొట్లలో అయిదుగురు దొంగలు కూడబలుక్కుని, సరిగ్గా నూటికి 2 గ్రాములే కొడతారంటావా?" అన్నాడు ప్రకాశం.

"సంఘం ఉంటుందండీ వాళ్ళకి!"

"సంఘం వంటింటి కాటాలో కూడా ఉందా?"

సూరిబాబు ఒక్క క్షణం తడబడి, తేరుకున్నాడు. "భూమి లాగడం ఊరూరికీ మారుతుందంట కదా? నేను చదివాను. అక్కడి 100 ఇక్కడ 102 అయ్యుంటుంది."

"మారుతుంది" అని ఒప్పుకున్నాడు ప్రకాశం. "మన కోనసీమ కంటే దోహా భూమధ్యరేఖకి దూరం. ఇక్కడ లాగుడు కాస్త ఎక్కువే. 100 గ్రాముల మీద తేడా 0.05 గ్రాము. భూమధ్యరేఖ దగ్గర్నుంచి ధ్రువం దాకా నడుచుకుంటూ పోయినా అర గ్రాముకి కాస్త ఎక్కువ, అంతే. 2 గ్రాములు కావాలంటే వేరే గ్రహం చూసుకోవాలి."

మర్నాడు డ్యూటీ అయ్యాక ప్రకాశం ల్యాబుకి వెళ్ళాం. చెక్కపెట్టెలో మఖమలు గుంటల్లో స్టీలు గుండ్లు వరసగా ఉన్నాయి. వాటిని చేత్తో ముట్టుకోనివ్వలేదు. వేలి జిడ్డు కూడా బరువేనట. ఎఫ్1 తరగతి గుండ్లు, 100 గ్రాముల దాని మీద అర మిల్లీగ్రాముకి మించి తేడా ఉండకూడదు. చిమటాతో తీసి సూరిబాబు కాటా మీద పెట్టాడు.

98.04.

కాల్ బటన్ నొక్కి, స్టీలు గుండుతో కాటాని మళ్ళీ దిద్దాడు. స్టీలు గుండు 100.00. దాన్ని తీసి నాన్న గుండు పెట్టాడు. 102.00.

సూరిబాబు గుండు తిరగేసి అడుగున సీసపు బిళ్ళని గోటితో గీరాడు. చుట్టూ ఇత్తడి అరిగి నల్లబడి ఉంది. మధ్యలో పోసిన సీసం అంచు మాత్రం కత్తిరించినట్టు పదునుగా ఉంది. అతని ముఖం చూసి మాకే జాలేసింది.

"నాన్నకి తెలిసుండదు. ఎవడో పాతసరుకు అంటగట్టుంటాడు. పాపం, నలభయ్యేళ్ళుగా దీంతోనే వ్యాపారం చేస్తున్నాడు. చెప్పాలి" అని ఫోన్ తీశాడు. చెయ్యి వణుకుతోంటే స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టాడు.

"నాన్నా, నువ్విచ్చిన గుండు తప్పు తూగుతోంది. 102 గ్రాములుంది."

అవతల కాసేపు మాట లేదు. "ఎవరు తూచారు?"

"ల్యాబులో తూయించాం."

"ఇంట్లో సరుకు పరాయివాళ్ళకి చూపిస్తారట్రా?"

"దీన్ని పట్టుకుని అయిదు కొట్లలో గొడవపడ్డాను నాన్నా! పరువు పోయింది. తప్పు గుండు ఇచ్చావేంటి?"

వాళ్ళ నాన్నకి కోపం వచ్చింది. అన్యాయంగా మాట పడ్డవాడి గొంతులా ఉంది.

"తప్పు గుండేంట్రా వెధవా? కొనడానికి వెళ్తున్నానంటేనేగా కొనే గుండు ఇచ్చాను? అమ్మడానికి వెళ్తున్నానను, అమ్మే గుండు ఇస్తాను!"

సూరిబాబు స్పీకర్ ఆపేలోపే ప్రకాశం తన ఫోన్ తీసి ఇంటికి కలిపాడు.

"అమ్మా, నీ పావు కాసు దొరికింది" అన్నాడు.