లండన్ సుగ్గి

కోసిగి నుంచి గుంటూరు మిరప కోతకు పోయేవాళ్లను చూసి జాలిపడే పెద్దమనుషులకు ఒక మనవి. ఆ జాలిలో సగం దాచిపెట్టండి. లండన్ పోయేవాళ్లకు పనికొస్తుంది.

మా పడమటి కర్నూలుకు సుగ్గి, అంటే కూలి పనికి వలస పోవడం, కొత్త కాదు. పంట చేతికి రాని ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో ఇంటికి తాళం పడుతుంది. ముసలివాళ్లను అరుగు మీద వదిలి, పిల్లాజెల్లాతో వ్యాను ఎక్కుతారు. పేపర్లో ఫొటో వస్తుంది: మూటలు, బిందెలు, చంకలో బిడ్డ. పైన ‘వలస బతుకులు’ అని శీర్షిక. అదే ఊరి కుర్రాడు రెండు పెట్టెల్లో గోంగూర పచ్చడి, శనక్కాయల పొడి, ప్రెషర్ కుక్కర్ సర్దుకుని శంషాబాద్‌లో విమానం ఎక్కితే మాత్రం బస్టాండులో ఫ్లెక్సీ లేస్తుంది. ‘ఉన్నత విద్యకై లండన్ పయనం, శుభాకాంక్షలు’. పోయేవాడి బొమ్మ కంటే ఫ్లెక్సీకి డబ్బులిచ్చిన చోటా నాయకుడి బొమ్మ పెద్దది.

నా లెక్కలో రెండూ సుగ్గే. కాకపోతే ఒక తేడా ఉంది, అందులో మిరప కోతదే పైచేయి. గుంటూరు పోయే కూలీకి మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు. లండన్ పోయే కూలీ తానే అడ్వాన్సు కట్టుకోవాలి. ఇక్కడ మేస్త్రీ పేరు కన్సల్టెన్సీ. ఏసీ గది, గాజు తలుపు, గోడమీద బిగ్‌బెన్ బొమ్మ. ‘మాది ఉచిత సేవండీ, మీ దగ్గర పైసా తీసుకోం’ అంటాడు కౌన్సెలర్. నిజమే కావచ్చు. అవతలి యూనివర్సిటీ తలకింత అని కమీషన్ ఇస్తుంది కదా! తల లెక్క మన మేస్త్రీకీ తెలుసు, కాకపోతే ఆయన దాన్ని సేవ అనడు.

ఈ సేవలో నాకు బాగా నచ్చింది ఎస్‌ఓపీ. ఈ కోర్సే ఎందుకు చదవాలనుకున్నాడో పిల్లవాడు సొంతంగా రాసుకోవాల్సిన కాగితం. కన్సల్టెన్సీ రాసిపెట్టిన దాని ప్రకారం మావాడు చిన్నప్పుడు తాతతో ఆదోని పత్తి మార్కెట్టుకు పోయి, వేలంపాట చూసి, అప్పటికప్పుడు ఇంటర్నేషనల్ బిజినెస్ మేనేజ్‌మెంట్ మీద మనసు పారేసుకున్నాడు. ఎమ్మిగనూరు కుర్రాడి కాగితంలో పత్తి బదులు చేనేత మగ్గం ఉంటుంది. మిగతాది అక్షరం మారదు.

తర్వాత బ్యాంకు బ్యాలెన్సు. లండన్‌లో చదివేవాడు ఖర్చులకు నెలకు 1,483 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము చూపించాలని 2025 జనవరి నాటి నిబంధన. అంటే 13,347 పౌండ్లు, మన రూపాయల్లో పదిహేను లక్షల పైమాటే. కట్టాల్సిన ఫీజు బాకీ వేరే. ఈ డబ్బు 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఎకరా వేరుశనగ వేసి బోరు ఎండిపోయిన నాయన పేరు మీద వడ్డీ వ్యాపారి ఆ సొమ్ము వేస్తాడు, 29వ రోజు తీసుకుంటాడు. ఆ 28 రోజులూ నాయన లక్షాధికారి. తర్వాత వడ్డీ మాత్రమే మిగులుతుంది.

ఇంతా చేసి ఎందుకు పోతారంటే ‘ఎక్స్‌పోజర్ అప్పా’ అంటారు. మహానగరం చూస్తాడట, లోకం తెలుస్తుందట. చూస్తాడు, తెల్లవారుజామున షిఫ్టు దిగి ఈస్ట్‌హామ్ గదికి బస్సులో వస్తూ అద్దంలోంచి చూస్తాడు. వీసా ప్రకారం తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలి. 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. ఇరవైతో గుణించుకోండి, వారానికి 244 పౌండ్లు. గది అద్దె, బస్సు ఛార్జీలు తీసేశాక ఊళ్లో వడ్డీకి ఏం పంపాలి? అందుకే ఇంకొకరి అకౌంటు మీద ఫుడ్ డెలివరీ. వీసా నిబంధన ఒప్పుకోదు, పొట్ట ఒప్పుకుంటుంది. ఆదివారం టవర్ బ్రిడ్జి ముందు నిలబడి ‘లండన్ బ్రిడ్జ్ వైబ్స్’ అని రీల్ పెడతాడు. అది లండన్ బ్రిడ్జి కాదని అతనికీ తెలీదు, లైకు కొట్టిన మూడు వందల మందికీ తెలీదు. ఎక్స్‌పోజర్ అంటే ఇదే.

అదే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే తెల్లదొర తవ్వించినవి, 1859లో ఓడెక్కినవి. వాటిని వీసా అడిగినవాడు లేడు. గుంటూరు మిరప చేలల్లో ఏళ్లకేళ్లు వంగి కోసిన మా ఆడవాళ్లు అమరావతి చూడలేదు. లండన్ పోయినవాడు చూడొచ్చు, టిక్కెట్టు కూడా లేదు. కానీ ఆ రోజు అతనికి డబుల్ షిఫ్టు.

‘అంబేడ్కర్ కూడా లండన్‌లోనే చదివాడు కదా’ అని వాదించేవాళ్లున్నారు. చదివాడు. 1920లో రెండోసారి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌కు పోయేటప్పుడు ఆయన చేతిలో ఉన్నది సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో మిగుల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ సాహు మహరాజ్ సాయం. కడుపు మాడ్చుకుని లైబ్రరీల్లో కూర్చున్నాడు. నిజంగా చదవడానికి పోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల జోలికి నేను పోను. ఏం చదవాలో, ఏ ఊళ్లో చదవాలో కమీషన్ తేల్చే చదువుతోనే నా పేచీ.

అమెరికా అయితే మేలంటారా? 2011లో కాలిఫోర్నియా ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతబడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా గొప్పది. తరగతుల్లేవు, పంతుళ్లు లేరు, ఫీజు మాత్రం ఉంది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, దొంగ వీసాలవాళ్లను పట్టడానికి. ఆ పేరుకు ఎగబడినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది.

చదువయ్యాక బ్రిటన్‌లో రెండేళ్లు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాను 2027 జనవరి నుంచి ఏడాదిన్నరకు కుదిస్తున్నారు. కన్సల్టెన్సీకి ఫ్లెక్సీ మార్చే తీరిక దొరకలేదు, అందులో ఇంకా రెండేళ్లే.

అప్పా, పాసుపుస్తకం పట్టుకుని ఆ గాజు తలుపు నెట్టబోతున్నవాళ్లు ఒక్క ప్రశ్న అడగండి: ‘మావాణ్ని పంపితే నీకెంత ముడుతుంది, కాగితం మీద రాసిస్తావా?’ రాసిచ్చేదాకా పాసుపుస్తకం పెట్టెలోంచి తీయొద్దు.