ప్రింటరు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొలిచెలమ వాడు. ఆ ధైర్యంతోనే, ఫిలింనగర్‌లోని ఓ కథాచర్చల ఫ్లాటులో ప్రింటరు నెత్తిన అంటించి ఉన్న ఆటవెలదికి నేనూ పూనుకుంటున్నాను. కవి ఎవరో అసిస్టెంటు డైరెక్టరు. తెల్లారితే దైవసన్నిధానంలో స్క్రిప్టు పూజ. బైండు చేసిన ప్రతి దేవుడి పాదాల దగ్గర ఉండాలి. అదీ సందర్భం.

తీగ ముందు గుచ్చి తెలియక కూర్చున్న
మొండికేయు యంత్ర ముదయమైన
చోదకునికి ముందు చోటిమ్ము పిదపనే
తీగతోడ ముడిని తీర్చుమయ్య

ప్రతిపదార్థం: తీగ = యూఎస్‌బీ కేబులును; ముందు గుచ్చి = సాఫ్ట్‌వేరు వేయకముందే పెట్టి; తెలియక = డబ్బాలోని కాగితం చదవక; కూర్చున్న = టీ చెప్పి ఎదురుచూసినచో; ఉదయమైన = ముహూర్తం ముంచుకొచ్చినా; యంత్రము = ప్రింటరు; మొండికేయు = లైటు వెలిగించుకుని ఊరకుండును. తక్కినది సుగమం, ఒక్క 'చోదకుడు' తప్ప.

'చోదకునికి ముందు చోటిమ్ము' అంటే కారు డ్రైవరుకు ముందు సీటు ఇమ్మని జూబ్లీహిల్స్ వ్యాఖ్యాతల మతం. డ్రైవరును వెనక కూర్చోబెట్టేవాడు లేడు గనుక ఇది త్యాజ్యం. ఇక్కడి చోదకుడు ప్రింటరు భాష విండోస్‌కు తెలిపే దుబాసీ. అతడు లేకుండా తీగ తగిలితే విండోస్ ఆ వచ్చినదానికి తానే ఏదో పేరు రాసుకుంటుంది. తర్వాత అసలు డ్రైవరు వచ్చినా ఆ తప్పుడు పేరు అడ్డం. డివైస్ మేనేజర్‌లో దాన్ని తీసేసి, కేబులు లాగి, మొదటికి రావాలి. కొత్త ప్రింటర్లకు చాలావరకు విండోసే డ్రైవరును వెతికి తెచ్చుకుంటుంది, కవిగారిది పాతది. పూర్వం 25 పిన్నుల పోర్టుకు స్క్రూలు బిగించేలోగా మనిషికి ఆలోచించే వ్యవధి ఉండేది. 1996లో యూఎస్‌బీ వచ్చాక ఆ వ్యవధి పోయింది.

పాఠాంతరం: 'తీగ' బదులు 'వైఫై' అని కొందరు చదువుతారు. 'వైఫై'లో రెండక్షరాలూ గురువులే, సూర్యగణంలో ఇమడవు. చవక వైఫై ప్రింటర్లూ అంతే, 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కులో ఇమడవు. ఫోనేమో ఆ రెండోదాంట్లో ఉంటుంది.

కవి చెప్పక వదిలింది 'అను' అనే తెలుగు ఫాంట్ల సంగతి. ఆ ఫాంటులో టైపు చేసిన సీను అది లేని సిస్టంలో తెరిస్తే తెలుగు కాస్తా ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గుంపవుతుంది. 'నాన్నా!' అని హీరో వేసే కేక అచ్చులో ఏ కామాగానో, శాతం గుర్తుగానో పడుతుంది. టైపు చేసినచోటే ఫాంటుతో సహా పీడీఎఫ్ చేసి తెచ్చుకోవడం మేలు.

తాత్పర్యం: ముందు డ్రైవరు, తర్వాత కేబులు.

ఫలశ్రుతి: కవిగారికి ఈ జ్ఞానం తెల్లవారుజామున నాలుగింటికి కలిగింది. అప్పటికే విసుగుతో ఏడుసార్లు ప్రింటు నొక్కి ఉన్నాడు. డ్రైవరు కుదరగానే వరుసలో ఉన్నవన్నీ కదిలాయి. స్క్రిప్టు 120 పేజీలు, ఇంట్లో ఉన్నది 500 కాగితాల కట్ట ఒక్కటే. ఐదో ప్రతి 20వ పేజీ దగ్గర, హీరో ఎంట్రీకి ఒక్క సీను ముందు, ఆగింది.