అది మన పెద్దల ఆచారం కాదు నాయనా

ఈమధ్య బళ్లారి జిల్లాలోని మా కెంచనగుడ్డలో ఏ ఇంట్లో పెళ్లి మాటలకు కూర్చున్నా ఒక మాట వినాల్సి వస్తోంది. "కట్నం పెద్దల కాలం నుంచీ వస్తున్న ఆచారం, మనం వద్దంటే పోతుందా?" అంటారు. ఆ మాట అనేవాళ్లకు నలభై ఏళ్లు కూడా ఉండవు. వాళ్లు చెప్పే పెద్దల కాలాన్ని కళ్లతో చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. మా రోజుల్లో మా రైతు ఇళ్లల్లో కట్నం అనేదే లేదు. ఓలి ఉండేది. పక్కింటి కన్నడంవాళ్లు దాన్నే తెర అనేవాళ్లు. మగపిల్లవాడి తరఫువాళ్లే ఆడపిల్ల ఇంటికి డబ్బు తెచ్చి ఇవ్వాలి. థర్‌స్టన్ దొర 1909లో అచ్చు వేయించిన కులాల సంపుటాలు తిరగేస్తే, మన బళ్లారి, కర్నూలు ప్రాంతాల్లో ఏ కులంలో ఓలి ఎట్లా ఇచ్చేవాళ్లో కనపడుతుంది.

మా అక్క పెళ్లి నాకు బాగా గుర్తు. పిల్లవాడిది ఏటి అవతలి ఊరు, ఒకప్పటి నైజాము సీమ. పుట్టిలో తుంగభద్ర దాటి వచ్చారు. వాళ్ల పెద్దమనిషి ఓలి రూకలు పసుపు గుడ్డలో మూట కట్టి, తమలపాకులు, వక్కలతో కలిపి మా అమ్మ ఒడిలో పెట్టాడు. మా జేజి ఆ మూట విప్పి అందరి ముందరా లెక్కపెట్టింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే పొలంలో నాట్లు, కలుపు, కోత అన్నీ చేసే మనిషి ఈ ఇల్లు వదిలి ఆ ఇంటికి పోతోంది. వంటకు కట్టెలు ఒకరింటి నుంచి, పెద్ద గుండిగలు ఇంకొకరింటి నుంచి వచ్చాయి. ఓళిగలు చేయడానికి తెల్లవారకముందే వీధి ఆడవాళ్లంతా మా ఇంట్లో ఉన్నారు. పెళ్లి అయ్యాక మా నాయన ఒక్క ఎకరా కూడా కుదువ పెట్టలేదు.

మరి కట్నం ఎప్పుడు వచ్చింది? నీళ్లతోనే వచ్చిందని నేనంటాను. మా ఊరి ఆనకట్ట విజయనగర రాజుల నాటిది. దాని కాలువ కింద కొంత మాగాణి ఎప్పటి నుంచో ఉంది. కానీ 1953లో హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాము నీళ్లు వదిలాక సిరుగుప్ప తాలూకా రూపే మారిపోయింది. జొన్న, పత్తి వేసే నల్లరేగడి చేలల్లో వరి నాటారు. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. రైసుమిల్లులు లేచాయి. చేతిలో రొక్కం ఆడింది. రొక్కం ఆడిన ఇళ్లలో ఆడవాళ్లు పొలానికి పోవడం మానేశారు, అది ఇంటికి పరువు అనుకున్నారు. పొలం పని చేయని కోడలికి ఓలి ఎందుకు అన్నారు. ఇంకొన్నాళ్లకు, చదివి ఉద్యోగం చేసే అల్లుడు కావాలంటే మనమే ఇవ్వాలి అన్నారు. మొదట ఒక ఇల్లు ఇచ్చింది. పక్క ఇల్లు తక్కువ పడలేక ఇంకాస్త ఎక్కువ ఇచ్చింది. ఇరవై ఏళ్లలో ఓలి మాటే వినపడకుండా పోయింది.

ఇది నేనొక్కడినే కనిపెట్టిన సంగతి కాదు. మైసూరులో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ కూడా, నేటి కట్నం పాత ఆచారం కాదనీ, రొక్కపు వ్యవహారం, ఇంగ్లీషు చదువులు, జీతపు ఉద్యోగాలు తెచ్చిందనీ రాశాడు. ప్రభుత్వం కట్న నిషేధ చట్టం చేసింది 1961లో. అంటే చట్టం వచ్చాకే మా ఊళ్లో కట్నం కాళ్లు చాపింది!

ఓలి గొప్పదని నేను అనడం లేదు. ఓలి పుచ్చుకున్న పిల్లకు తన పెళ్లి మీద మాట ఉండేది కాదు. శారదా చట్టం 1929లోనే వచ్చినా పదకొండేళ్ల పిల్లలకు తాళి కట్టడం మా వీధిలోనే చూశాను. హోటల్లో కొన్ని కులాలవాళ్లకు గ్లాసు వేరుగా ఉండేది. అవి పోవలసినవే, పోయినందుకు నాకు సంతోషం. బళ్లారి రాఘవగారు నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టినప్పుడు ఎంతమంది గొణిగారో మా పెద్దలు చెప్పేవాళ్లు. ఇప్పుడు అది ఎవరికీ వింతగా లేదు. 2023 జూన్ 11 నుంచి కర్ణాటక ప్రభుత్వ శక్తి పథకంలో ఆడవాళ్లకు ప్రభుత్వ బస్సు ఉచితం. పొద్దున సిరుగుప్ప బస్సు నిండా సంచులు తగిలించుకున్న ఆడపిల్లలే. వాళ్లను చూస్తే నాకు కడుపు నిండుతుంది.

నా బాధంతా ఆ పిల్లల గురించే. డిగ్రీ చదివి, ఉద్యోగం కూడా చేసే పిల్లకు పది తులాలు, కారు, బళ్లారిలో సైటు అడుగుతున్నారు. ఓలి పోవడానికి చెప్పిన కారణం, కోడలు సంపాదించదు అని. ఇప్పుడు కోడలు సంపాదిస్తోంది కదా, మరి కట్నం ఎందుకు పోలేదు? ఈ ప్రశ్న నేను అడిగితే "నీకు తెలీదు తాతా, కాలం మారింది" అంటారు. కాలం మారిందంటారు, అదే నోటితో పెద్దల ఆచారమంటారు.

ఇంకొకటి చూడండి. కర్ణాటకలో 1994లోనే ఆడపిల్లకు పిత్రార్జిత ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చట్టం తెచ్చారు. ఆంధ్రాలో అంతకన్నా ముందే, ఎన్టీ రామారావు హయాంలో వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. మా సరిహద్దు ఊళ్లలో ఆ చట్టాన్ని ఏం చేశారు? పెళ్లయిన ఆరునెలలకు అన్న వస్తాడు, చెల్లెలికి చీర పెడతాడు, సిరుగుప్ప సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోతాడు. "నీకు కట్నం ఇచ్చేశాం కదమ్మా, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అంటాడు. హక్కు విడుదల పత్రం. పెట్టకపోతే పుట్టిల్లు దూరమవుతుందని ఆ పిల్ల పెడుతుంది. చెల్లెలికి ఇచ్చానన్న కట్నం ఆమె చేతికి ఒక్క రోజు కూడా వచ్చి ఉండదు, అత్తమామల దగ్గరే ఉంటుంది. ఇటు భూమి లేదు, అటు డబ్బు లేదు. నాకు దీనికన్నా అన్యాయం కనపడదు.

పిల్లలను ఫోన్లు చెడగొట్టాయి, సినిమాలు చెడగొట్టాయి అని మా వయసువాళ్లు అంటూంటారు. కట్నం ఫోన్లు తేలేదు. మా తరం ఇళ్లలో, మా తరం మాటలతో వచ్చింది. ఒక తరంలో వచ్చినదాన్ని ఒక తరంలోనే పంపించవచ్చు. ఓలి అట్లాగే పోయింది, దానికి ఏ చట్టమూ అవసరం కాలేదు. ఊళ్లో నలుగురు పెద్ద రైతులు మానేశారు, మిగతావాళ్లు మానేశారు.

అందుకే కెంచనగుడ్డలో, దేశనూరులో, సిరుగుప్పలో, ఏటికి అటూ ఇటూ ఉన్న నా ఈడు పెద్దమనుషులను ఒకటే అడుగుతున్నాను. నిశ్చితార్థానికి పిలిస్తే పోండి, తాంబూలం తీసుకోండి. ఇచ్చిపుచ్చుకునే లెక్కల దగ్గరికి వచ్చేసరికి లేచి వచ్చేయండి. అల్లుడి రేటు చెప్పడానికి మన తెల్ల మీసాలను పెద్దరికంగా వాడుకోనివ్వకండి. సంతకానికి పిలిచిన అన్న మీ కొడుకే అయితే, ఆ కాగితం వాడి చేతిలోంచి తీసుకోండి.