కార్డు కొత్తది, కెర్నల్ పాతది

బాగున్న నెట్‌వర్క్ కార్డును పాడైందని వాదించాను. అదీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో, షాపు నిండా జనం ఉండగా, కౌంటర్‌లో ఉన్న కుర్రవాడి మీద గొంతు పెంచి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

2020 మొదట్లో మా సిస్టంలో ల్యాన్ పోర్టు పోయింది. ఎలాగూ కొంటున్నాం కదా అని 2.5 గిగాబిట్ కార్డు తీసుకున్నాను. చిప్పు రియల్‌టెక్ 8125. అప్పట్లో నేను వాడేది డెబియన్ 10 లినక్స్. బిగించాక నెట్ రాలేదు. కేబుల్ మార్చాను, కనెక్టర్ మళ్లీ క్రింప్ చేశాను, స్లాట్ మార్చాను. లినక్స్‌లో డ్రైవర్ల గొడవే ఉండదని ఏళ్ల తరబడి అందరికీ చెబుతూ వచ్చినవాణ్ణి. అందుకే, డ్రైవర్లు ఉండే కెర్నల్ మీదికి నా అనుమానం పోనేలేదు.

షాపులో నేనంత అరిచినా కుర్రవాడు ఎదురు మాట్లాడలేదు. కార్డును తన విండోస్ మెషిన్‌లో పెట్టి, డ్రైవర్ ఎక్కించి, కేబుల్ తగిలించాడు. లైట్లు వెలిగాయి, నెట్ వచ్చింది. “మీ దగ్గర ఏ ఓఎస్ సార్?” అని మర్యాదగా అడిగాడు. జవాబు చెప్పకుండా కార్డు తీసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టి చూస్తే కార్డు కనబడుతూనే ఉంది: 10ఈసీ, 8125. మొదటిది కంపెనీ నంబరు, రెండోది చిప్పు నంబరు. డ్రైవర్‌లో ఒక పట్టిక ఉంటుంది. కార్డు చెప్పే నంబరు అందులో లేకపోతే డ్రైవర్ దాని జోలికి పోదు. అలాగని నంబరు చేర్చినంత మాత్రాన సరిపోదు, ఆ చిప్పును నడిపే కోడ్ ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. డెబియన్ 10 కెర్నల్ 4.19, అంటే 2018 అక్టోబరుది. హైనర్ కాల్‌వైట్ చూసుకునే ఆర్8169 డ్రైవర్‌లో 8125కు చోటు దొరికింది 2019 నవంబరులో వచ్చిన 5.4లో. నిలకడ కోసం ఒకే కెర్నల్‌ను పట్టుకుని ఉండటం మంచి పద్ధతే, నాకిష్టం కూడా. కాకపోతే కొత్త కార్డు కొనేవాడు ముందు ఆ కెర్నల్ వయసు తెలుసుకోవాలి.

ఫోన్‌ను యూఎస్‌బీతో తగిలించి నెట్ తెచ్చుకుని, డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ నుంచి 5.4 కెర్నల్ ఎక్కించాను. కార్డు లేచింది. మర్నాడే వెళ్లి కుర్రవాడికి క్షమాపణ చెప్పాను.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే, లేదు. ఓపెన్‌బీఎస్‌డీతో ఫైర్‌వాల్ నడిపే మిత్రుడొకాయన ఈ కార్డు సంగతి అడిగితే, “లినక్స్‌లో నడుస్తోందండీ, మీకూ నడుస్తుంది” అనేశాను. అది వేరే కెర్నల్, దాని డ్రైవర్ దానికి విడిగా రాయాలి. నా మాట నమ్మి ఆయన కొనేశారు. ఈ చిప్పును నడిపే ఆర్‌జీఈ డ్రైవర్‌తో ఓపెన్‌బీఎస్‌డీ 6.7 వచ్చింది ఆ ఏడాది మే నెలలో. రిలీజ్ నోట్స్ తెరిచి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. నేను చూడలేదు, ఆయన ఫైర్‌వాల్ అన్నాళ్లూ పాత కార్డు మీదే నడిచింది.