మాస్టారు వాడిన బండి

"మీకిప్పుడు ఇదెందుకండీ?" అంది మా ఆవిడ.

నలభై ఏడేళ్ల లెక్కల మాస్టారు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకు కొంటానంటే ఏ ఇల్లాలైనా అడగాల్సిన ప్రశ్నే. పైథాగరస్ సిద్ధాంతాన్ని నాలుగైదు రకాలుగా నిరూపించగలను గానీ, దీన్ని ఒక్క రకంగా కూడా నిరూపించలేకపోయాను. "సగం ధరకే వస్తోంది" అన్నాను నీళ్లు నములుతూ.

"సగం ధరకొస్తే ఏనుగునైనా కొంటారా?"

నా గోడు ఆవిడకి తెలీదు. నేను బెజవాడలో ఇంటర్ చదివే రోజుల్లో పెట్టిపుట్టిన కుర్రాళ్లు యమహా ఆరెక్స్ హండ్రెడ్ మీద కాలేజీకొచ్చేవాళ్లు. 98 సీసీ బండే గానీ, దాని చప్పుడికి గోడ మీద కాకులతో పాటు నా మనసూ లేచిపోయేది. 1996లో ఆ బండి తయారీ ఆపేశారు. అప్పటికి నా దగ్గరున్నది సైకిలు. సరే, ఉద్యోగం రానీ అనుకున్నాను. 2001లో పల్సర్ వచ్చింది. నేను డీఎస్సీ కోచింగులో ఉన్నాను. 2003లో 223 సీసీ కరిజ్మా వచ్చింది. దాంతో పాటే నా పెళ్లీ వచ్చింది. 2008లో ఆర్ వన్ ఫైవ్ వచ్చింది. నూటయాభై సీసీ బండికి రేడియేటరూ, ఆరు గేర్లూ అని ఊరంతా చెప్పుకుంటుంటే మా ఇంట్లో రెండో పాప పుట్టింది. 2014లో మార్కెట్లోకి కేటీఎం ఆర్సీ బళ్లు దిగాయి. మా ఇంటి ముందు శ్లాబుకి కంకర దిగింది. నా చేతిలో డబ్బు లేని ఏడాది కనిపెట్టి మరీ కొత్త మోడళ్లు వదులుతున్నారేమో అనిపించేది.

ఇప్పుడు పెద్దపిల్ల ఉద్యోగంలో చేరింది. ఇంటి అప్పు తీరింది. కొత్తది కొనాలంటే రెండు లక్షల మాట. అరవై వేలకైతే పదేళ్ల నాటి బండి వస్తుంది.

మైలవరంలో నూజివీడు రోడ్డు మీద షెడ్డున్న మెకానిక్కు నా పాత శిష్యుడే. పదో తరగతిలో నిష్పత్తుల దగ్గర ఆగిపోయి, లెక్కలు రెండుసార్లు తప్పాడు. "బండి ఎక్కడ చూసినా నేనొస్తాను మాస్టారూ. అక్కడ మీరు మాత్రం నోరు తెరవకండి" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా తరగతిలో నేను వాడుతున్న మాట నాకే తిరిగొచ్చింది.

ముందు నాకు భాష నేర్పాడు. బెజవాడ ఆటో కన్సల్టెన్సీల్లోనూ, ఫోనులో వచ్చే అమ్మకం ప్రకటనల్లోనూ ఉండే తెలుగు వేరే తెలుగట. "షోరూం కండిషన్" అంటే నిన్న కడిగారు. "సింగిల్ హ్యాండ్" అంటే సి-బుక్కులో పేరు ఒక్కటే, నడిపిన చేతులు మాత్రం హాస్టలు మొత్తానివి. "ఇంజను విప్పలేదు" అంటే విప్పే రోజు దగ్గరపడింది. "చిన్న చిన్న గీతలు" అంటే ఒక పక్క రంగు మొత్తం తారురోడ్డు పట్టుకుపోయింది. "పేపర్లు క్లియర్" అంటే జిరాక్సు క్లియర్‌గా వచ్చింది. "అర్జంటు సేల్" అంటే వాళ్ల నాన్నకి తెలిసిపోయింది. "ఫిక్స్‌డ్ రేటు" అంటే బేరం మొదలుపెట్టండి.

మొదటి బండి కొండపల్లిలో చూశాం. వెళ్లగానే మా వాడు పలకరింపుల కంటే ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి, చురుక్కుమని తీసేశాడు. చల్లగా ఉన్న ఇంజను స్టార్ట్ చేస్తేనే దాని రోగం బయటపడుతుందట. వాల్వు సీళ్లు పోతే తెల్లారి మొదటి కిక్కుకి నీలం పొగ కక్కుతుంది. కాసేపు తిప్పి వేడిచేసి ఉంచితే, గొంతు సవరించుకుని వేదికెక్కిన భాగవతారులా హాయిగా పాడుతుంది. "ఇప్పుడే పాలప్యాకెట్టుకి వెళ్లొచ్చా అంకుల్" అన్నాడు కుర్రాడు. టైము మధ్యాహ్నం పన్నెండు.

అంకుల్! నేను ఆ దెబ్బ నుంచి తేరుకునేలోపు పక్కనే ఉన్న వాళ్ల నాన్న గర్వంగా అందుకున్నారు. "మావాడు దీని మీదే నాలుగేళ్లు మైలవరం ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లొచ్చాడండీ. ఒక్కరోజు మానలేదు."

మీటరు చూశాను. 14 వేలు. నోరు తెరవొద్దన్నాడు గానీ లెక్క కనపడితే ఊరుకోవడం నా వల్ల కాదు. "కొండపల్లి నుంచి మైలవరానికి రానూపోనూ నలభై కిలోమీటర్లనుకో బాబూ. ఏడాదికి రెండొందల రోజుల చొప్పున నాలుగేళ్లకి ఎనిమిది వందల రోజులు. మొత్తం 32 వేలు తిరగాలి. తిరిగింది పద్నాలుగే. అంటే హాజరు నలభై నాలుగు శాతం. డెబ్బై అయిదు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు కదా?"

వాకిట్లో గాలి ఆగిపోయింది. కుర్రాడికి రెండే దారులు: మీటరు వెనక్కి తిప్పానని నాకు ఒప్పుకోవడం, కాలేజీ ఎగ్గొట్టానని వాళ్ల నాన్నకి ఒప్పుకోవడం. రెండు క్షణాలు ఆలోచించాడు. "మధ్యలో మీటరు తిప్పించాను అంకుల్" అన్నాడు. తెలివైన పిల్లాడు. బేరం పోయినా ఇల్లు నిలబెట్టుకున్నాడు.

రెండో బండి జగ్గయ్యపేటలో. ఎర్రగా, కొత్త పెళ్లికూతురిలా ఉంది. ధర మిగతావాటికంటే పదిహేను వేలు తక్కువ. నేను జేబులో బయానా తడుముకుంటుంటే మా వాడు నంబరు ప్లేటు చూపించాడు. తెలంగాణ బండి. గరికపాడు చెక్‌పోస్టు దాటితే ఆ రాష్ట్రమే కదా, జగ్గయ్యపేటలో బళ్లు అటూ ఇటూ పక్కింటికెళ్లినట్టే వెళ్లొస్తుంటాయి. "తిరగడానికి ఇబ్బంది లేదు మాస్టారూ, కాపరానికి తెచ్చుకోవడమే కష్టం. అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఎన్వోసీ రాసివ్వాలి. ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. ఏడాది దాటి ఇక్కడే ఉంటే నంబరు కూడా మార్చాల్సిందే. పుట్టింటివాళ్లు పంపే లోపు మీ రెండు జతల చెప్పులు అరుగుతాయి" అన్నాడు.

"పోనీ టైర్లు కొత్తవంటున్నాడుగా?"

మా వాడు కిందకి వంగి టైరు అంచు మీద వేలు పెట్టాడు. నాలుగంకెలు: 3615. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2015లో ముప్పై ఆరో వారం పుట్టిన టైర్లవి. అరగలేదు నిజమే, వాడకపోతే ఏదీ అరగదు. కానీ రబ్బరు ముట్టుకుంటే వేసంకాలం మర్చిపోయిన ఒడియంలా గట్టిగా తగిలింది. పుట్టినతేదీ ఒంటి మీదే రాసుకుని తిరుగుతూ కుర్రదాన్నని చెప్పుకునే వస్తువు ఇదొక్కటే అనుకున్నాను. ఆ తర్వాత అద్దంలో నా జుట్టు రంగు చూసుకుని ఊరుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఒక సంగతి బోధపడింది. పాత స్పోర్ట్స్ బైకంటే ఓ కుర్రాడి జీవితచరిత్ర. కుర్రాడు ఎన్ని అబద్ధాలైనా చెబుతాడు. మీటరూ, టైరూ, చివర అరిగిన బ్రేకు లీవరూ పక్కనే నిలబడి సాక్ష్యం చెబుతుంటాయి.

మూడోది నందిగామలో దొరికింది. నీలం రంగు, నూటయాభై సీసీ. కంపెనీ పేరు చెప్పను. తర్వాత జరిగినవాటిలో తప్పు దానిది కాదు, నా నడుముది. ప్లేటు మీద ఏపీ 16. మా జిల్లా 2022లో ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ బండి ఇంకా పాత కృష్ణా జిల్లాలోనే ఉంది. అమ్మడానికి కారణం వాళ్లమ్మ చెప్పింది. "శ్రావణంలో పెళ్లండీ. ఆ వెనక సీటు మీద కోడలుపిల్లని ఎలా కూర్చోబెడతాం?"

మా వాడు గంటసేపు చూశాడు. ఇంజను చల్లగా ఉంది. చాసిస్ నంబరు సి-బుక్కుతో కలిసింది. ముందు ఫోర్కుల దగ్గర ఆయిలు చెమ్మ లేదు. హ్యాండిలు వంకర లేదు. ఫుట్‌రెస్టుల కొనలు అరగలేదు, అంటే పడుకోబెట్టలేదు. చివరికి చైను కవరు దగ్గర కూర్చుని పళ్లు లెక్కపెట్టాడు. "ముందు స్ప్రాకెట్ 15, వెనక 45. నిష్పత్తి ఎంత మాస్టారూ?"

"ఒకటికి మూడు."

"ముందుది మూడుసార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుంది. అప్పుడు మీరు చాక్‌పీసుతో కాకుండా చైనుతో చెప్పుంటే నేను పాసయ్యేవాణ్ణి."

నేను వినపడనట్టు ధర అడిగాను. అరవై అయిదన్నారు, అరవైకి దిగారు. అక్కడ ఆగిపోయింది. మా వాడు ఫోను తీసి నంబరు కొట్టి పాత చలాన్లు వెతికాడు. మూడున్నాయి. మూడూ హెల్మెట్ లేనివే, ఫోటోలతో సహా. మూడో ఫోటోలో వెనక సీటు మీద ఎవరో అమ్మాయి, చున్నీ మొహానికి చుట్టుకుని హాయిగానే కూర్చునుంది.

"ఏదీ, నన్నూ చూడనీ బాబూ" అంటూ వాళ్లమ్మ కళ్లజోడు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"యాభై ఎనిమిదికి తీసుకోండి అంకుల్. చలాన్లు నేనే కట్టేస్తా" అన్నాడు కుర్రాడు ఒక్క గుక్కలో. ఫోను జేబులో పెట్టుకున్నందుకు రెండు వేలు మిగలడం నా జీవితంలో అదే మొదలు.

29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు అక్కడే పెట్టించాడు మా వాడు. ఖాళీ ఫారాలిస్తాలే అని కుర్రాడు బద్ధకించబోతే, "పేరు మారేదాకా బండి నీదే తమ్ముడూ. ఈలోపు మాస్టారు ఎవర్నైనా గుద్దితే పోలీసులు మీ పెళ్లిపందిట్లోకే వస్తారు" అన్నాడు. ఇన్సూరెన్సు మార్చుకోవడానికీ పద్నాలుగు రోజులే గడువని నాకూ హెచ్చరిక చేశాడు. తాళాలిస్తూ కుర్రాడు ట్యాంకు మీద ఒకసారి చెయ్యి వేసి, "ఆరు వేల ఆర్పీఎం దాటాకే అసలు బండి మొదలవుతుంది అంకుల్" అన్నాడు. అల్లుడికి కూతురి అలవాట్లు చెప్పే మావగారి గొంతు అది.

నందిగామ నుంచి మైలవరం వెళ్లాలంటే హైవే మీద కంచికచర్ల దాటి, ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో ఎడమకి తిరిగి, కొండపల్లి మీదుగా ఎక్కాలి. కంచికచర్ల దాకా నేను హృతిక్ రోషన్‌ని. ఆ తర్వాత మణికట్లు మాట్లాడటం మొదలుపెట్టాయి. స్పోర్ట్స్ బైకు మీద కూర్చోవడం అనరాదు, ట్యాంకుకి సాష్టాంగపడటం అనాలి. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి మెడ ఎత్తడం మానేసింది. థర్మల్ స్టేషను పొగగొట్టాల్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ రోజు మాత్రం వాటి పునాదులే కనిపించాయి. జి.కొండూరు దగ్గర వెనక నుంచి హారను మోగింది. పచ్చగడ్డి మోపేసుకున్న ఎక్సెల్ బండి మీద ఓ పెద్దాయన నన్ను దాటుతూ, "ఏం మాస్టారూ, ఏదన్నా పడిపోయిందా, వెతుకుతున్నారు?" అన్నారు.

వీధి మొదట్లోనే పదిమంది ఎదురొచ్చారు. రేడియేటరు గురించి ఎవరూ అడగలేదు. పది నోళ్లూ ఒకే మాట: "మైలేజీ ఎంతిస్తుంది?"

మా ఆవిడ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. వెనక సీటు వైపు చూసి, వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుంది. పీటెక్కింది, ఒక కాలు లేపింది, దించేసింది. "ఇది బండా, అటకా?" అంది. నేను క్షేమంగా ఇల్లు చేరితే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికి కొబ్బరికాయ కొడతానని మొక్కుకుందట. ఆ ఆదివారమే ఇద్దరం వెళ్లి మొక్కు తీర్చుకున్నాం. బస్సులో.

ఇది జరిగి ఏడాదైంది. ఆదివారం పొద్దున్నే, నున్న మార్కెట్టుకి మామిడికాయల లారీలు బయల్దేరకముందే, వెల్వడం దాకా వెళ్లొస్తాను. మిగతా ఆరు రోజులూ బడికి నా పాత వంద సీసీ బండే, పాలక్యాను కొక్కెంతో సహా.

మొన్న సర్వీసుకిస్తే మా వాడు బండి చుట్టూ తిరిగి, కొండపల్లిలో చూసినట్టే చూశాడు. "ఎవరికన్నా అమ్మాల్సొస్తే ఇదేం సాక్ష్యం చెబుతుందో వింటారా మాస్టారూ? ఏడాదిలో తొమ్మిది వందల కిలోమీటర్లు. ముందు బ్రేకు ప్యాడ్లు వాడనే లేదు. అద్దాలు రెండూ రోడ్డు మానేసి మీ మొహం వైపు తిరిగున్నాయి. పైన కప్పింది జరీ చీర."

చీర సంగతి నాకూ కొత్తే. నేను కొన్నది మామూలు ప్లాస్టిక్ కవరు. అది చిరిగిందని ఎప్పుడు మార్చిందో, ఏమీ అనకుండా తన పాత పట్టుచీర కప్పింది మా ఆవిడ. అడిగితే, "దుమ్ము పడుతోందని" అంది. ఎందుకండీ అని మాత్రం మళ్లీ అడగలేదు.

"మాస్టారు వాడిన బండంటే మార్కెట్లో అయిదు వేలు ఎక్కువే పలుకుతుంది" అంటూ మా వాడు సరదాగా ప్రకటన రాసి చదివాడు. "సింగిల్ హ్యాండ్. షోరూం కండిషన్. ఒక్కసారి కూడా నలభై దాటలేదు."

కాఫీ ఇవ్వడానికొచ్చిన మా ఆవిడ గ్లాసు అందిస్తూ అంది: "బండి దాటలేదులే బాబూ. మీ మాస్టారే దాటారు."