కోసపాళయంలో ఒక చేతికర్ర కథ

మోకాలి అరుగుదల నొప్పికి ఆపరేషన్ లేకుండా చేసే వైద్యంలో చేతికర్రది చిన్న వేషమే. ఈ కథలోని కర్ర ఒక అల్యూమినియం గొట్టం. పైన వంపు పిడి, అడుగున రబ్బరు తొడుగు, ఎత్తు సరిచేసుకోవడానికి నడుమ ఒక బొత్తాం. ఫ్యాక్టరీలో పుట్టి, మందుల షాపులో కొన్నాళ్ళు వేలాడి, చివరకు పుదుచ్చేరి కోసపాళయంలో కాపురముంటున్న ఒక తెలుగు పెద్దావిడ చేతికి చేరింది. ఆవిడది యానాం. గోదావరి పక్కనున్నా యానాం పుదుచ్చేరి పాలనలోనిదే కాబట్టి ఉద్యోగాలకూ, గోరిమేడు జిప్మర్ ఆసుపత్రిలో వైద్యానికీ అక్కడివాళ్ళు ఇంత దూరం రావడం మామూలే.

కర్ర కొన్నవాళ్ళు చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. ఈ ఇంట్లోనూ మొదట అదే జరిగింది. కుడి మోకాలు నొప్పి, కర్రా కుడిచేతిలోనే. అలా పట్టుకుంటే ఒంటి బరువు నొప్పి ఉన్న కాలి మీదకే వాలుతుంది. కర్ర ఉండాల్సింది ఎడమచేతిలో. కుడికాలు, కర్ర కలిసి ముందుకు పడాలి. అప్పుడే ఆ అడుగు భారంలో కొంత చేతి మీదుగా నేలకు దిగుతుంది. ఎత్తు చూసుకోవడం కూడా తేలికే. చెప్పులేసుకుని నిలబడి చేయి వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి, పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి. బస్సెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రతోపాటు నొప్పి కాలు ముందు. ఇంత చిన్న సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు, కొనేవాళ్ళు అడగరు. ఈ కర్రకు అడుగు తొడుగు ఒక పక్కే అరిగింది. అరిగి నున్నబడితే తడి నేల మీద జారుతుంది కనుక తొడుగు మార్చక తప్పదు.

'గుజ్జు అరిగిపోయింది' అనే మాట విన్నాక చాలామంది నడక మానేస్తారు. నష్టమంతా అక్కడే మొదలవుతుంది. నడవని కాలికి తొడ కండరం సన్నబడుతుంది, కండరం తగ్గిన కొద్దీ మోకాలి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలను 0 నుంచి 4 వరకు లెక్కగట్టే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు 1957లో ప్రకటించారు. ఆ అంకెకూ నొప్పికీ పొంతన అంతంతమాత్రమే. ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా హాయిగా తిరిగేవాళ్ళున్నారు.

అందుకే అసలు మందు వ్యాయామం. పొద్దున్నే ఈ కర్ర కుర్చీ వీపుకు వేలాడుతూ ఉంటుంది, దానికి అప్పుడు పనిలేదు. పెద్దావిడ మంచం మీద కాళ్ళు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదులుతుంది. తరవాత మోకాలు వంచకుండా కాలెత్తి దించడం. ఆ తరవాత చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మొదటి వారాల్లో నొప్పి కాస్త పెరిగినా భయపడాల్సింది లేదు. మర్నాటికి మామూలు స్థాయికి వస్తే చాలు, రాకపోతే లెక్క తగ్గించుకోవాలి. డెన్మార్క్‌లో 2013లో మొదలైన 'గ్లాడ్' కార్యక్రమం ఇలాంటి వ్యాయామాన్నీ రోగికి అవగాహన కల్పించడాన్నీ కలిపి నేర్పుతుంది.

బరువు సంగతి మరోటి. 2005లో అమెరికాలో 142 మంది స్థూలకాయుల మీద వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. కర్ర మోసే భారం కన్నా రాత్రి కంచంలో తగ్గించిన అన్నం చేసే మేలే ఎక్కువ కావచ్చు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు తగ్గించి, కమోడ్, ఎత్తు కుర్చీ వాడితే రోజువారీ నొప్పి చాలావరకు అదుపులో ఉంటుంది.

మందుల్లో ముందు వాడదగినది డైక్లోఫెనాక్ వంటి పూత జెల్. ఆ రకం మాత్రలు కొద్ది రోజులకు పనికొస్తాయిగాని కడుపు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు డాక్టరును అడగకుండా మింగకూడదు. పారాసెటమాల్ ఇచ్చే ఉపశమనం స్వల్పం. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుంది, పదేపదే చేయించుకోవడం మంచిది కాదు. గ్లూకోసమిన్ మాత్రలకు పెట్టే డబ్బు దండగని 2022 నాటి బ్రిటిష్ మార్గదర్శకాలు చూస్తే అర్థమవుతుంది. వాటిని ఇవ్వొద్దనే అవి చెబుతున్నాయి.

మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే, హఠాత్తుగా కీలు బిగుసుకుపోతే అది కర్రతో తీరేది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నెలల తరబడి వ్యాయామం చేసినా నొప్పికి రాత్రి నిద్ర పట్టకపోతే, ఇంట్లో నాలుగడుగులు కూడా వేయలేకపోతే కీలుమార్పిడి గురించి సర్జన్‌ను అడగడంలో తప్పులేదు. ఆపరేషన్ అయినవాళ్ళకు కూడా మొదటి వారాల్లో నడవడానికి ఏదో ఒక ఊతం అవసరమవుతుంది.